ఆరో రెక్క

నిన్న మన ఇంట్లో కూలర్ బాగుచెయ్యడానికి ఒకాయన వచ్చాడు. అడుగున నీళ్ళు తోడే బుల్లి మోటారు పనిచెయ్యడం మానేసింది. దాన్ని విప్పి, లోపలి ప్లాస్టిక్ చక్రం బయటికి తీసి, రెండు రెక్కలు విరిగిపోయాయని నాకు చూపించి, కొత్తది బిగించాడు. పాతది చెత్తబుట్టలో వెయ్యబోతుంటే ఆపాను.

"విరిగిన రెక్కలు ఏవి నాయనా?"

"కొత్తది వేశాను కదండి మామ్మగారూ. పాత ముక్కలతో పనేంటి?"

"లోపల గొట్టంలో ఉండిపోయాయేమో చూడు."

"ఉంటే ఉంటాయండి. కూలరే కదా, విమానం కాదుగా."

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. కానీ అవి దొరికేదాకా కాఫీ ఇవ్వలేదు. గొట్టం ఊడదీసి నోటితో ఊదితే ఒకటి వచ్చింది. పుల్ల పెట్టి పొడిస్తే నాచుతో పాటు రెండోది వచ్చింది. రెండూ నా అరచేతిలో పెట్టి, "మామ్మగారు ఇంతకుముందు మెకానిక్కా ఏంటి?" అన్నాడు.

కాదన్నాను. నాకొక మెకానిక్ తెలుసు.

పిల్లలూ, మీరు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "అమ్మమ్మా, అప్పటి సంగతులు చెప్పు" అంటారు. బాపట్లలో నేను ఎక్కాల్సిన రైలు వదిలి ఇంకో రైలెక్కిన సంగతి, తెనాలిలో మీ తాతయ్య ఒకే వానాకాలంలో మూడు గొడుగులు పోగొట్టుకున్న సంగతి చెప్పి మిమ్మల్ని నవ్విస్తాను. ఈయన సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఫోన్లో నోరు పెగలదు. అందుకని రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఆ పేరు ఒకసారి నా మూలంగా చెడింది. ఏటి మధ్యలో ఒక బాలింత చనిపోతే, ఆ చావు ఆయన చేతిపని మీద పడింది. ఆయన తిండి పోయింది. ఆ తప్పు ఆయనొక్కడిది కాదని తెలిసిన మనిషిని నేను. చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మధ్యలో నేను మంచిదాన్నని మీరు అనుకుంటారు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. పెళ్ళి కాలేదు. మా నాన్న పోయాక బాపట్లలో మా అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు నా జీతం మీదే ఉన్నారు. నర్సు ట్రైనింగు అవగానే రేపల్లెకి కింద, అడవులదీవి దాటాక, ఏటి ఒడ్డున ఒక చిన్న సెంటర్లో వేశారు. ఒక గది, ఒక బల్ల, ఒక బీరువా, నేను. ఏటికి అవతల లంకలో పాకలుండేవి. అక్కడ ఎవరికన్నా కాన్పు కష్టమైతే నేను పడవలో వెళ్ళి, ఇవతలికి తీసుకొచ్చి, రేపల్లె పంపించాలి. సముద్రం దగ్గరే కాబట్టి అది మామూలు ఏరులా ఉండేది కాదు. పోటు వచ్చినప్పుడు ఒడ్డు దాకా నిండేది. పాటు తీసినప్పుడు నీళ్ళన్నీ సముద్రంలోకి లాక్కుపోయి, రేవులో మోకాలి లోతు బురద మిగిలేది. పడవ ఎప్పుడు కదలాలో ఆ నీళ్ళే చెప్పేవి.

మాకొక మోటారు పడవ ఉండేది. వరదల సాయానికని తెచ్చి, ఆ పని అయిపోయాక మాకు తోసేసిన పడవ. దాని వెనక చెక్కకి తగిలించిన మోటారు పడవకన్నా పాతది. పైన తలకాయలాగా ఇంజను, కింద నీళ్ళలోకి దిగే పొడుగాటి కాలు, కాలి చివర తిరిగే ఫంకా. ఫంకాకి జానెడు పైన, కాలి లోపల, ఒక చిన్న డబ్బీ. అందులో ఆరు రెక్కల రబ్బరు పువ్వు. అది తిరుగుతూ ఏటి నీళ్ళని సన్న గొట్టంలోంచి పైకి తోడేది. ఆ నీళ్ళు ఇంజను చుట్టూ తిరిగి, దాన్ని చల్లబరిచి, వెనకున్న చిన్న బెజ్జంలోంచి ధారగా బయట పడేవి. ఆ ధార పడుతున్నంతసేపే మోటారు పనిచేసేది. ధార ఆగితే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. మా ఏట్లో బురద, ఇసుక, గవ్వల పొడి. ఏడాది తిరిగేసరికి ఆ పువ్వు అరిగిపోయి రెక్కలు ఊడేవి.

అప్పుడు ఆయన వచ్చేవాడు. నలభై దాటిన మనిషి. గళ్ళ లుంగీ, గుండీలు పెట్టని ఖాకీ చొక్కా, సైకిలు. పని తెనాలి మిల్లుల్లో నేర్చుకున్నాడట. రేపల్లెలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. అందరూ సాయిబు మేస్త్రి అనేవాళ్ళు. నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన వయసులో నేను సగమే ఉన్నా నన్ను అమ్మా అనే పిలిచేవాడు.

వచ్చీ రాగానే నేల ఊడ్చి, ఉతికిన తెల్లగుడ్డ ఒకటి పరిచేవాడు. ఆ గుడ్డని ఎవరూ దాటకూడదు. ఊడదీసిన ప్రతి బోల్టూ ఊడదీసిన వరసలోనే దాని మీద పెట్టేవాడు. మా పడవ నడిపే సరంగుకి ఆయన్ని ఏడిపించకపోతే పొద్దుపోయేది కాదు.

"ఏంటి మావా, పక్క పరిచావ్? ఇయ్యాల ఇక్కడే పడకా?"

"నీ మోటారుకి ఆపరేషన్రా. నువ్వు దూరంగా నిలబడు. నీ కాళ్ళకి ఏరంతా ఉంది."

నాలుగు బోల్టులు తీస్తే మోటారు కాలు జారి చేతికొచ్చేది. లోపల ఇరుసుకీ రబ్బరు పువ్వుకీ మధ్య చింతగింజలో సగమంత ఇనప బిళ్ళ ఒకటి ఉండేది. ఇరుసుతో పాటు పువ్వు తిరిగేది ఆ బిళ్ళ వల్లే. అది బురదలో పడితే మళ్ళీ దొరకదు. అందుకని ఆయన దాన్ని నోట్లో పెట్టుకునేవాడు. దవడ పక్కన, తమలపాకులు నమిలేవాళ్ళు పెట్టుకున్నట్టు. అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడడు. ఊ అనడు, ఆ అనడు. సరంగు దానికోసమే కాచుకుని ఉండేవాడు.

"మావా, నీ సైకిలు కన్నా మా గేదె నయం, బెల్లన్నా ఉంది. ఏం, మాట్లాడవే? మీ ఆవిడ నిన్న సంతలో నిన్ను అమ్ముతానందంట, కొనేవాళ్ళు లేక తీసుకుపోయిందంట, నిజమేనా?"

ఆయన పని ఆపేవాడు కాదు. తలెత్తేవాడు కాదు. అంతా అయ్యాక, బిళ్ళ దాని చోట్లో కూచున్నాక, పుక్కిలించి ఉమ్మి, ఒక్కొక్కదానికీ వరసలో జవాబు చెప్పేవాడు.

"గేదెకి బెల్లుంది, నీకది కూడా లేదు. మా ఆవిడ సంతకెళ్ళింది నిన్న కాదు, మొన్న. నన్ను కాదు, నిన్ను బేరం పెట్టింది. ఊరికే ఇస్తానన్నా ఒద్దన్నారు."

ఒక్క ప్రశ్న కూడా వదిలేవాడు కాదు.

ఆయన ఎక్కడ కూర్చున్నా, అక్కడ లేనిదేదో ఆయన కంటబడేది. మొదటిసారి నా గది గడప మీద కూర్చుని, సాసర్లో టీ పోసుకుని, చుట్టూ చూశాడు. "కిటికీకి ఒక చువ్వ లేదేంటమ్మా?" అన్నాడు. నేను అక్కడ చేరి ఆర్నెల్లయింది. చువ్వ లేదని నాకు తెలియదు. ఆ తరవాత వచ్చినప్పుడు సైకిలుకి కట్టుకుని చువ్వ తెచ్చి బిగించాడు.

రబ్బరు పువ్వులు అంగట్లో దొరికేవి కావు. ఆ మోటారు ఏ దేశానిదో, దాని సామాను ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియదు. తెనాలి బియ్యం మిల్లుల్లో వడ్లు ఒలిచే రబ్బరు రోలర్లు అరిగిపోతే పక్కన పడేసేవాళ్ళు. ఆ రబ్బరు తెచ్చుకుని, చెప్పులు కుట్టేవాళ్ళ కత్తితో తనే ఆరు రెక్కలూ కోసేవాడు. పాత పువ్వు నడుముకున్న ఇత్తడి గొట్టం తీసి కొత్తదానికి దిగ్గొట్టేవాడు. డబ్బీలోకి ఎక్కించే ముందు కుంకుడు నురగ పూసేవాడు. గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పుతూ, రెక్కలన్నీ ఒకే పక్కకి వంగేలా, మెల్లగా లోపలికి నెట్టేవాడు. ఆడపిల్లకి గాజులు తొడిగేవాడు కూడా అంత మెల్లగా తొడగడు.

కానీ కొత్తది ఎక్కించే ముందు పాతది లెక్క తేలాలి. పాత పువ్వుని గుడ్డ మధ్యలో పెట్టి, ఊడిన రెక్కలు ఒక్కోటీ డబ్బీ బురదలోంచి ఏరి, కడిగి, అవి ఎక్కడినుంచి ఊడాయో అక్కడ ఆనించి పెట్టేవాడు. మనతో మాట్లాడేదంతా తెలుగే. లెక్క మాత్రం వాళ్ళ ఇంటి భాషలో. "ఏక్, దో, తీన్, చార్, పాంచ్, ఛే." ఛే అన్నాకే లేచి నడుం విరుచుకునేవాడు.

ఒకసారి ఒక రెక్క కోసం గంటసేపు వెతికాడు. సరంగు విసుక్కున్నాడు. "గోరంత రబ్బరు ముక్క కోసం ఇంత ఎతుకులాటేంటి మావా?"

బిళ్ళ నోట్లోంచి తీశాక చెప్పాడు. "ఆ ముక్క ఊరుకోదురా. నీళ్ళతో పాటు పైకెళ్తది. ఎక్కడ సందు సన్నగా ఉంటే అక్కడ కూచుంటది. ఇయ్యాల ఏం చెయ్యదు, రేపూ ఏం చెయ్యదు. నీకు పనిబడ్డ రోజు అడ్డం పడతది."

నేను పక్కనే దూది ఉడకబెట్టుకుంటున్నాను. "మేమూ అంతే బాబాయ్" అన్నాను. "కాన్పయ్యాక మాయ పళ్ళెంలో పరిచి చూస్తాం, అంతా వచ్చిందా లేదా అని. చిన్న ముక్క లోపల ఉండిపోయినా రక్తం ఆగదు. తల్లి దక్కదు."

ఆయన చేతిలో పని ఆపి నా వైపు తిరిగాడు. "అంతా వచ్చిందని ఎట్టా తెలుస్తదమ్మా?"

"అంచులు దగ్గరికి చేర్చి చూస్తాం. ఎక్కడన్నా లోటుంటే తెలిసిపోతుంది."

గుడ్డ మీదున్న తన రబ్బరు పువ్వు వంక చూసుకున్నాడు. "అయితే మనిద్దరిదీ ఒకటే పనమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచీ నన్ను చూస్తే లేచి నిలబడేవాడు. వద్దన్నా వినేవాడు కాదు.

అన్నీ బిగించాక మోటారుని మా వెనక పెరట్లోని కుడితి తొట్టికి తగిలించి, నీళ్ళు నింపి, తాడు లాగేవాడు. ధార పడగానే అరచెయ్యి దాని కింద పెట్టేవాడు. చల్లగా వస్తే ఒక లోపం, మరీ వేడిగా వస్తే ఇంకో లోపం. గోరువెచ్చగా రావాలి. తన చేతికి నచ్చాక నన్ను పిలిచేవాడు. "రండమ్మా, బిడ్డకి నీళ్ళు పోసే ముందు చూస్తారే, అట్టా ఒకసారి చూడండి." నేను చెయ్యి పెట్టి, బాగుంది బాబాయ్ అంటేనే మోటారు పడవ ఎక్కేది. మూడేళ్ళలో మూడుసార్లు అలా చెయ్యి పెట్టాను.

నాలుగోసారి ఎండాకాలం. ధార సన్నబడిందని సరంగు కబురు పెడితే ఆయన పొద్దున్నే వచ్చి మోటారు విప్పాడు. మధ్యాహ్నానికి గుడ్డ మీద ఐదు రెక్కలు ఉన్నాయి. ఆరోది లేదు. డబ్బీలో బురదంతా గుడ్డలో వేసి వడకట్టాడు. సన్నగొట్టం నోటితో ఊదాడు, పీల్చాడు. లేదు.

"పైకెళ్ళిందమ్మా. తలకాయ విప్పాలి. రెండు గంటలు పడుద్ది" అని, బిళ్ళ జాగ్రత్తగా దవడలో పెట్టుకుని పెద్ద పానా తీశాడు.

అప్పుడే లంకలోంచి ఒకతను దోనె వేసుకుని వచ్చాడు. ఒంటి మీద గుడ్డలు తడిసి కారుతున్నాయి. తెల్లవారుజామున భార్య ప్రసవించింది. ఆడపిల్ల, బాగానే ఉంది. మంత్రసాని మాయ లాగితే తెగి వచ్చింది.

"తడిసిపోతా ఉందండి" అన్నాడు. "పొద్దుటి నుంచీ గోనెలు మారుస్తానే ఉన్నామండి. పిలిస్తే పలుకుతంది, కళ్ళు తెరవట్లేదు."

లోపల ముక్క ఉండిపోయింది. అది తీసే డాక్టరు రేపల్లెలో ఉన్నాడు. సరంగు ఏటి వంక చూశాడు. "ఇంకో గంటకి పాటు అందుకుంటదమ్మా. అప్పుడు అవతల రేవులో పడవ ఆనదు. ఇప్పుడెళ్తే ఎళ్ళినట్టు."

నేను అన్నాను. "బాబాయ్, తలకాయ విప్పొద్దు. కొత్తది వేసి బిగించెయ్యి. ఆ రెక్కని మేము తిరిగొచ్చాక వెతుక్కోవచ్చు."

ఆయన నా వంక చూశాడు. దవడ పక్కన బిళ్ళ ఉబ్బు కనిపిస్తోంది. గుడ్డ వంక చూశాడు. ఐదు రెక్కలు, ఒక ఖాళీ. మళ్ళీ నా వంక చూశాడు. నాకు కోపం వచ్చింది. నా గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, మీకు తెలుసు. ఆ పూట పెంచాను.

"నేను చెప్తున్నాను కదా. బిగించు."

బిళ్ళ నోట్లోంచి తీసి, చొక్కాకి తుడిచి, దాని చోట్లో పెట్టాడు. కుంకుడు నురగ పూశాడు. పావుగంటలో అంతా అయిపోయింది. తొట్టిలో మోటారు పలికింది. ధార బాగానే పడింది. దాని కింద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు ఉంచాడు. "అమ్మా, ఒకసారి రండి" అని పిలిచాడు. నేను సంచీలో మందులు సర్దుకుంటున్నాను. వెళ్ళలేదు.

పడవ కదిలేటప్పుడు సరంగుతో అన్నాడు. "సగమే తిప్పు. ధార మీద నీ కన్ను తియ్యబాక. సన్నబడితే ఆపేసి చల్లారనియ్యి."

పోయేటప్పుడు ఏమీ కాలేదు. ఆ పిల్ల ఇరవై ఏళ్ళ లోపుది. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. ఇంజక్షన్ ఇచ్చాను, పొట్ట నొక్కిపట్టాను. లోపలి ముక్క నా చేతికి అందేది కాదు. పసిబిడ్డని అత్తగారికి అప్పగించి, ఆ పిల్లని చాపతో సహా ఎత్తి పడవలో పడుకోబెట్టాం. భర్త కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె ముఖం మీద ఎండ పడకుండా దుప్పటి ఒక కొస భర్తని, ఒక కొస సరంగుని పట్టుకోమన్నాను. "గట్టిగా పోనీ" అన్నాను. సరంగు ఒక చేత్తో దుప్పటి పట్టుకుని, ఒక చేత్తో మోటారు పూర్తిగా తిప్పాడు. వీపు ధార వైపు ఉంది.

ఏటి నడిమికి వచ్చాక రంగు కాలిన వాసన వచ్చింది. ఆ తరవాత దగ్గు లాంటి చప్పుడు ఒకటి, ఇక నిశ్శబ్దం. సరంగు తాడు లాగితే రాలేదు. దోసిలితో నీళ్ళు పోస్తే ఇంజను మీద చుయ్యిమని ఆవిరి లేచింది. పాటు అందుకుంది. పడవ అడ్డం తిరిగి సముద్రం వైపు జారడం మొదలుపెట్టింది. మగవాళ్ళిద్దరూ గడకర్రలు తీసుకున్నారు. ఆమె తల నా ఒడిలో ఉంది. నా పిడికిలి ఆమె పొట్ట మీద ఉంది.

"ఒడ్డొచ్చిందా అక్కా?" అనడిగింది.

"వస్తోందమ్మా."

కొంతసేపటికి మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి అడగలేదు.

మేము ఒడ్డు చేరేసరికి ఎండ పూర్తిగా వాలిపోయింది. ఆయన ఇంటికి వెళ్ళకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. గుడ్డ ఎత్తలేదు. పడవ గడకర్రల మీద వస్తుంటేనే ఆయనకి తెలిసిపోయి ఉంటుంది. భర్త ఏడుస్తూ దిగాడు. ఆయన తల వంచుకుని, మోటారు ఊడదీసి భుజాన వేసుకుని, గుడ్డ దగ్గరికి తీసుకెళ్ళి, తలకాయ విప్పడం మొదలుపెట్టాడు.

దీపాలు పెట్టి చాలాసేపయ్యాక నా గడప దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు. మడిచిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. విప్పితే నల్లటి రబ్బరు ముక్క, చిటికెనవేలి గోరులో సగం.

"లెక్క తేలిందమ్మా" అని వెళ్ళిపోయాడు.

వారం తరవాత పైనుంచి ఒక ఆఫీసరు విచారణకి వచ్చాడు. మా గదిలోనే బల్ల ముందు కూర్చుని ఆయన్ని నిలబెట్టి అడిగాడు.

"ఒక ముక్క లోపల ఉండిపోయిందని తెలుసా నీకు?"

"తెలుసండి."

"తెలిసీ బిగించావా?"

"బిగించానండి."

"ఎవరన్నా బిగించమన్నారా?"

ఆయన నా వంక చూడలేదు. చూసి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. ఏటి వంక చూస్తూ, "బిగించింది నా చెయ్యేనండి" అన్నాడు.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "మీకేమన్నా తెలుసా అమ్మా?"

రిజిస్టరు గుండెలకి అదుముకుని నిలబడ్డాను. కళ్ళ ముందు బాపట్లలో మా అమ్మ, తమ్ముళ్ళు. "నేను సంచీ సర్దుకుంటున్నానండి అప్పుడు" అన్నాను.

అది అబద్ధం కాదు, అదే నన్ను ఇన్నాళ్ళూ తినేసింది. సరంగు గుమ్మం బయట ఉన్నాడు. అతనికీ అన్నీ తెలుసు. ధార మీద కన్ను వెయ్యనిది తనే కాబట్టి నోరు మెదపలేదు.

ఆయన కొట్టు మీద ఎవరూ రాయి వెయ్యలేదు. పని ఇవ్వడం మానేశారంతే. రబ్బరు ముక్క లోపల మరిచిపోయి ఆడకూతుర్ని చంపాడు సాయిబు అని ఒడ్డంతా పాకింది. మరిచిపోయాడన్నారు. ఆ మాట ఆయనకి అన్నిటికన్నా ఎక్కువ తగిలి ఉంటుంది. ఆయన జన్మలో ఏదీ మరిచిపోలేదు.

ఆరేడేళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయి, తెనాలికి బదిలీ అయి వచ్చాను. మీ అమ్మకి రెండేళ్ళు. ఒకరోజు దాన్ని చంకనేసుకుని స్టేషను వైపు వెళుతుంటే, రోడ్డు వారన లారీ టైర్లు కోసి చెప్పులు చేస్తున్న మనిషి కనబడ్డాడు. ముఖం కన్నా ముందు ఆ తెల్లగుడ్డని గుర్తుపట్టాను. దాని మీద మేకులు వరసగా పేర్చి ఉన్నాయి. గడ్డం నెరిసింది.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "బాగున్నారా అమ్మా? పాపా?" అని, మీ అమ్మ పాదం రబ్బరు మీద పెట్టి, సుద్దముక్కతో చుట్టూ గీశాడు. కోస్తున్నాడు. నేను పక్కన రాయి మీద కూర్చున్నాను.

"బాబాయ్, ఆ రోజు నేను చెప్పాల్సింది."

కత్తి ఆగలేదు. "నేను కాదనాల్సింది" అన్నాడు. "నోట్లో బిళ్ళుంది, అందుకని మాట్లాడలేదనుకున్నారేమో మీరు. తీసి చెప్పచ్చు. చెప్పలా. గవర్నమెంటు అమ్మగారు చెప్తంది, మనదేముందిలే అనుకున్నా, ఒక్క క్షణం. ఆ క్షణం నాది."

"మిగిలిందంతా నాది బాబాయ్."

కాదంటాడేమో అనుకున్నాను. మీలాంటి పిల్లలకి చెప్పే కథల్లో అయితే కాదనేవాడు.

"అవునమ్మా" అన్నాడు.

చెప్పులు మీ అమ్మ కాళ్ళకి తొడిగి, పట్టీ వదులు చూసి, అప్పుడు తలెత్తాడు. "ఒక సాయం అడుగుతాను. ఇక్కడ ఒక మిల్లులో ఫిట్టరు పనుంది. యజమానికి రేపల్లె సంగతి తెలుసు. అసలేం జరిగిందో తెలిసినవాళ్ళు ఎవరన్నా కాయితం మీద రాసిస్తే తీసుకుంటానన్నాడు. మీరు రాసివ్వండమ్మా."

"రాస్తాను" అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను.

మూడు సాయంత్రాలు కూర్చున్నాను. రాయడం, ఆ కాగితం మిల్లు యజమాని నుంచి ఎవరి చేతికి పోతుందో, మా ఆఫీసు దాకా వస్తుందేమో అని భయపడడం, చింపడం. చివరికి ఒకటి కుదిరింది. ముత్యాల్లాంటి అక్షరాలు, కింద నా సంతకం. తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయనకి తెలుగు చదవడం రాదు. అన్నం తెచ్చిన కూతురు పక్కనే ఉంది. చదవమని ఆ అమ్మాయికిచ్చి, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, వింటూ ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క వేలు ముడిచాడు.

"ఇతను నాకు చాలా సంవత్సరాలుగా తెలుసు." ఏక్. "ఇంజన్ల పనిలో మంచి నేర్పు ఉన్నవాడు." దో. "ఏ పనీ అజాగ్రత్తగా చెయ్యడు." తీన్. "చెడు అలవాట్లు లేవు." చార్. "ఇతనికి పని ఇవ్వవలసిందిగా కోరుతున్నాను." పాంచ్.

ఆ అమ్మాయి ఆగింది. ఆయన రెండో చెయ్యి ఎత్తి, బొటనవేలు సగం ముడిచి, ఎదురు చూస్తున్నాడు.

"అంతే అబ్బా. కింద సంతకం ఉంది" అంది తండ్రితో.

ఆ వేలు మెల్లగా చాపాడు. కాగితం తీసుకుని, చేతులకున్న రబ్బరు నలుపు అంటకుండా చివళ్ళు పట్టుకుని, నేను మడిచిన మడతల మీదే మడిచి నాకు తిరిగి ఇచ్చాడు.

"బాగా రాశారమ్మా" అన్నాడు. "ఐదే ఉన్నాయి."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. "ఇంటికెళ్ళి రాసి తెస్తాను బాబాయ్" అన్నాను.

"తీసుకురండమ్మా. ఉంటాను."

ఆ వారం మీ అమ్మకి జ్వరం. పై వారం డ్యూటీ. ఆ తరవాత వానలు. ఇవన్నీ నిజమే, అప్పుడు సంచీ సర్దుకుంటున్నానన్నంత నిజం. దసరా వెళ్ళాక ఒకరోజు స్టేషను వైపు వెళ్ళాను. ఆయన కూర్చునే చోట ఎవరో తాళాలు బాగుచేస్తున్నాడు.

"ఆయన పోయి రెండు నెలలైందమ్మా, కామెర్లు" అన్నాడు. "ఆవిడ కూతుర్ని తీసుకుని పుట్టింటి వాళ్ళ దగ్గరికెళ్ళిపోయింది." తాళంచెవి ఆకురాయి మీద రాస్తూ ఆగి, నా వంక చూశాడు. "ఏదో కాయితం తెస్తానన్న నర్సమ్మ మీరేనా?"

అవునో కాదో చెప్పకుండా వచ్చేశాను.

మీ తాతయ్యకి చెప్పలేదు. మీ అమ్మకీ చెప్పలేదు. ఆ చెప్పులు పాదం పెరిగి పట్టకుండా పోయేదాకా అది వేసుకునే తిరిగింది. ఆ కాగితం ఎప్పుడో చింపేశాను. ఐదు మాటలూ ఇప్పటికీ నోటికి వచ్చు. నిన్న ఆ కూలరు రెక్కలు రెండూ అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే, ఇంక నా దగ్గర ఎక్కువ సమయం లేదనిపించింది.

మీ ఇద్దరిలో ఒకరు పైన ఐదు మాటలూ పెద్దగా చదవండి. ఇంకొకరు వేళ్ళు ముడవండి. ఆరోది ఇదిగో.

ఒక రెక్క దొరకలేదని తెలిసి కూడా, ఆ మోటారు బిగించమని ఆయనకి రెండుసార్లు చెప్పింది నేను.